సంతకం మీరు పెట్టాలా, అమ్మ పెట్టాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. అమ్మకు 66 ఏళ్లు, బీపీ ఉంది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. వచ్చే నెల వరంగల్‌లో ఒక ఆస్పత్రిలో కుడి మోకాలు మార్చే ఆపరేషన్ పెట్టుకున్నాం. మత్తు డాక్టర్ చెకప్‌కు వెళ్తే అక్కడ పీజీ చదివే డాక్టరమ్మ నాలుగు పేజీల కాగితం ఇచ్చి, అమ్మను వాళ్ల స్టడీలో చేర్చుకుంటామన్నది. అందరికీ నడుములో సూది ఇచ్చి ఆపరేషన్ చేస్తారట. తర్వాత నొప్పి తెలియకుండా కొందరికి తొడలో నరం దగ్గర మందు ఇస్తారట, కొందరికి కీలు దగ్గరే ఇస్తారట. ఎవరికి ఏదన్నది కంప్యూటర్ తేలుస్తుందట. కరీంనగర్‌లో ఉండే మా అక్క “అమ్మ మీద ప్రయోగాలా? సంతకం పెడితే ఊరుకోను” అంటోంది. పెట్టకపోతే డాక్టర్లకు కోపం వచ్చి సరిగ్గా చూడరేమోనని నా భయం. అయినా ఏది మంచిదో వాళ్లకే తెలియకపోతే మన మీద చేసి చూసుడేంది? ఇంకో మాట. అమ్మ రోజూ పొద్దుగూకినాక ఒక సీసా కల్లు తాగుతుంది. చెకప్‌లో అందరి ముందు అడిగితే లేదని చెప్పాను, పరువు పోతుందని. దానివల్ల ఏం కాదు కదా?

జవాబు:

తమ్ముడూ, మీ ఉత్తరంలో కాగితం గురించి చాలా ఉంది, కల్లు గురించి చివర్లో నాలుగు ముక్కలున్నాయి. ముప్పై ఏళ్లు మత్తు డాక్టర్‌గా పనిచేసినవాణ్ని, నాకు ఆ చివరి నాలుగు ముక్కలు చదివాకే టెన్షన్ మొదలైంది. అందుకే ముందు అక్కడినుంచే వస్తాను.

కల్లు తాగడం తప్పని చెప్పబోవడం లేదు. పండగైనా, చావైనా, చుట్టం వచ్చినా మన పల్లెల్లో కల్లు ఉండాల్సిందే. పెద్ద వయసు ఆడవాళ్లు తాగడం కూడా కొత్త కాదు. అయితే చెట్టు కింద కూర్చుని తాగే కల్లు ఒక లెక్క, దుకాణంలో దొరికే కల్లు ఇంకో లెక్క. ఉత్తర తెలంగాణలో కల్లులో డైజీపామ్, అల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్మేవాళ్లను ఎక్సైజ్ వాళ్లు ఎన్నోసార్లు పట్టుకున్నారు. ఇవన్నీ నిద్రమందులు. రోజూ తాగేవాళ్ల మెదడు వీటికి అలవాటు పడిపోతుంది. ఆస్పత్రిలో చేరగానే సీసా బంద్ అవుతుంది. ఒకటి రెండు రోజులకు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి.

నేను పనిచేసే రోజుల్లో ఒక హెర్నియా కేసు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, గట్టి ఒళ్లు. నడుములో సూది ఇచ్చాను, ముప్పావు గంటలో ఆపరేషన్ అయిపోయింది. మర్నాడు పొద్దున నవ్వుతూ మాట్లాడాడు. రెండో రోజు అర్ధరాత్రి వార్డు నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి సెలైన్ పీకేసి, మంచం మీద మోకాళ్లు మడిచి కూర్చుని, దుప్పటి మీద చీమలు ఏరుతున్నాడు. దుప్పటి మీద చీమలు లేవు. ఒక్కొక్కదాన్నే రెండు వేళ్లతో పట్టి కింద వేస్తున్నాడు, బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికగా. చుట్టాలేమో “మత్తు ఎక్కువిచ్చి మనిషిని పిచ్చోణ్ని చేసిండ్రు” అని నా మీదికి వచ్చారు. షుగర్ పడిపోయిందా, ఉప్పు తగ్గిందా, ఆక్సిజన్ తగ్గిందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. అన్నీ బాగానే ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికి ఆయన భార్య నన్ను వరండాలోకి పిలిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “సారూ, ఆయనకు రోజుకు మూడు సీసల కల్లు పడాలె. ఎవలకు చెప్పకుండ్రి” అన్నది. దానికి ఇవ్వాల్సిన మందు ఇస్తే తెల్లారేసరికి నిద్రపోయాడు. తర్వాత మెల్లమెల్లగా మందు తగ్గించుకుంటూ వచ్చాం.

ఆ తప్పు వాళ్లొక్కరిదే కాదు. చెకప్ రూములో పదిమంది ఉండగా “తాగుతావా?” అని గట్టిగా అడిగింది నేనే. ఎవరు చెబుతారు? అప్పటినుంచి ఆ ప్రశ్న తలుపు మూసి అడగడం నేర్చుకున్నాను. మీ అమ్మను కూడా అందరి ముందే అడిగారంటున్నారు. అడిగిన తీరు బాగాలేదు. అయినా నిజం చెప్పాల్సిన బాధ్యత మీకు తప్పదు. మళ్లీ వెళ్లి చెప్పండి. రోజుకు ఎంత, ఎన్నేళ్లనుంచి, ఏ దుకాణంలో, ఒక రోజు మానేస్తే అమ్మకు ఎలా ఉంటుంది, ఈ నాలుగూ చెబితే చాలు. అది కేస్ షీట్‌లో ఉండే మాట, ఊళ్లోకి రాదు. భయపడి ఈరోజే కల్లు మాన్పించకండి. ఒక్కసారిగా ఆపితేనే ప్రమాదం. ఎలా తగ్గించాలో, బదులు మందు కావాలో వద్దో డాక్టరే చెబుతారు. నెల టైముంది, అది మంచి సంగతే.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకోని ముసలమ్మను నేను ఇంతవరకు చూడలేదు. ఆ సూదుల్లో, పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వాడితే ఒంట్లో సొంతంగా తయారు కావాల్సిన హార్మోన్ మందగిస్తుంది. అలాంటి మనిషికి ఆపరేషన్ మధ్యలో బీపీ పడిపోతే మామూలుగా ఇచ్చే మందులకు లేవదు. ముందే తెలిస్తే దానికి తగ్గ ఏర్పాటు ఉంది. కాబట్టి ఇంట్లో ఉన్న గోలీల షీట్లు, పొట్లాలు అన్నీ ఒక కవర్లో వేసుకుని పొండి. రక్తం పలచబడే మాత్ర ఏదైనా వాడుతుంటే అది మొట్టమొదట చెప్పండి, నడుములో సూది ఇవ్వొచ్చా లేదా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. కదిలే పన్ను ఉంటే అదీ చెప్పండి. నవ్వకండి, గొంతులో గొట్టం వేయాల్సి వస్తే ఆ పన్ను ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇక కాగితం సంగతి.

అక్క భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు, గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఇచ్చిన ప్రాజెక్టు మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ సంతకాల తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా వేసుకున్నవాళ్లలో కొందరు పిల్లలు తర్వాత చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, కానీ ఒకరి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం మాత్రం తప్పే. ఆ అనుమానం మన జిల్లాల్లో ఇంకా పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. అనుమానం ఉన్నవాళ్లే సరైన ప్రశ్నలు అడుగుతారు.

అయితే మీ అమ్మకు చెప్పిన స్టడీ అలాంటిది కాదు. కొత్త మందు ఎక్కించి చూసేది కాదు. తొడలో నరం దగ్గర మందు ఇవ్వడం, సర్జనే కీలు చుట్టూ మందు ఇవ్వడం, రెండూ ఏళ్లుగా చేస్తున్నవే. స్టడీలో చేరకపోయినా మీ అమ్మకు ఈ రెండిట్లో ఏదో ఒకటి చేసే అవకాశమే ఎక్కువ. ఎవరికీ నొప్పి మందు ఇవ్వకుండా వదిలేయడం లేదు. నొప్పి ఎక్కువైతే ఏ గుంపులో ఉన్నా వెంటనే వేరే మందు ఇస్తామని ఆ కాగితంలో రాసి ఉండాలి. ఆ లైను ఉందో లేదో వెతకండి. లేకపోతే నేనైతే ఒప్పుకోను.

“ఏది మంచిదో వాళ్లకే తెలియదా” అని అడిగారు. తెలియదు. తెలుసనుకుని చేసినప్పుడే ఎక్కువ నష్టం జరిగింది. ఆపరేషన్ ముందు గుండెను నెమ్మదింపజేసే మెటోప్రోలాల్ మాత్ర మొదలుపెడితే గుండెపోటు రాదని ఒకప్పుడు నాలాంటివాళ్లం గట్టిగా నమ్మాం. 2008లో 23 దేశాల్లో 8,351 మందితో చేసిన పాయిజ్ అనే స్టడీ ఫలితం వచ్చింది. గుండెపోట్లు నిజంగానే తగ్గాయి. కానీ మాత్ర వేసుకున్నవాళ్లలో 3.1 శాతం చనిపోతే వేసుకోనివాళ్లలో 2.3 శాతమే చనిపోయారు. పక్షవాతం కూడా మాత్ర వేసుకున్నవాళ్లకే ఎక్కువ వచ్చింది. చీటీ తీసినట్టు ఎవరికి ఏదో పంచి లెక్కగట్టకపోతే, మంచి చేస్తున్నామనే ధీమాతో ఇంకెన్నాళ్లు ఇచ్చేవాళ్లమో. (ఇది చదివి అమ్మ బీపీ మాత్ర ఆపేయకండి. అది కొత్తగా మొదలుపెట్టిన మాత్ర సంగతి. ఇప్పటికే వాడుతున్నది ఆపరేషన్ రోజు వేయాలో వద్దో మత్తు డాక్టర్‌ను అడగండి.)

నడుములో సూదికి, పూర్తి మత్తుకు కూడా ఇదే కథ. పెద్ద వయసువాళ్లకు తుంటి ఎముక విరిగితే నడుము సూదే నయమని మా వాళ్లలో చాలామంది అనేవాళ్లు. అమెరికా, కెనడాల్లో 1,600 మందితో చేసిన రీగెయిన్ స్టడీ 2021లో వచ్చింది. 60 రోజులకు చనిపోయినవాళ్లు, సొంతంగా నడవలేకపోయినవాళ్లు కలిపి నడుము సూది గుంపులో 18.5 శాతం, పూర్తి మత్తు గుంపులో 18 శాతం. తేడా లేనట్టే. ఇన్నేళ్లు వాదులాడుకున్నదానికి జవాబు అంతే.

కంప్యూటర్ ఎందుకు తేల్చాలి, డాక్టర్ తేలిస్తే ఏమంటారా? డాక్టర్ తేలిస్తే సన్నగా, చురుగ్గా ఉన్నవాళ్లను తనకిష్టమైన గుంపులో వేసుకుంటాడు, తెలిసో తెలియకో. తర్వాత ఆ గుంపు బాగుంటే గొప్ప మందుదా, మనుషులదా చెప్పలేం.

పరిశోధనలో పొరపాట్లు లేవని కాదు. దానికి మన నైజాం రాజ్యమే ఉదాహరణ. అప్పట్లో మత్తుకు వాడే క్లోరోఫామ్ ఎంత ప్రమాదమో తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో హైదరాబాద్‌లో క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. ఆరో నిజాం డబ్బులిచ్చారు, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ నడిపించారు, రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ వచ్చారు. వందల జంతువుల మీద పరీక్షించి, క్లోరోఫామ్ ముందు ఊపిరిని ఆపుతుంది, ఊపిరి చూసుకుంటే గుండెకు భయం లేదని తేల్చారు. ఊపిరి చూడమన్నది నూటికి నూరుపాళ్లు మంచి మాట, ఇప్పటికీ మేం చేసేది అదే. గుండెకు భయం లేదన్నది తప్పు. తేలిక మత్తులో ఉన్నప్పుడే క్లోరోఫామ్ గుండెను ఉన్నట్టుండి ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ చూపించాడు. ఆ మధ్యలో ఎంతమంది ప్రాణాలు పోయాయో ఎవరు లెక్కపెట్టారు? ఆ హైదరాబాద్ మెడికల్ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. మన దగ్గర ఈ సంగతి ఎక్కువమందికి తెలియదు, అందుకే చెప్పాను.

అందుకే ఇప్పుడు ఒకరు చేసింది ఇంకొకరు చూడటానికి పద్ధతులున్నాయి. పీజీ వాళ్లకు థీసిస్ తప్పనిసరి. అది మొదలుపెట్టాలంటే పేషెంట్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ముందు ఒప్పుకోవాలి, అందులో డాక్టర్లు కానివాళ్లు కూడా ఉంటారు. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ కింద నడిచే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ) అని ఒకటుంది, 2007లో మొదలైంది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే అందులో నమోదు కావాలి. ముందే నమోదు చేస్తే, ఫలితం నచ్చకపోతే దాచేయడం కష్టం. ఎవరైనా ఫోన్లో వెతికి చూసుకోవచ్చు, డబ్బులు అక్కర్లేదు. ఆ డాక్టరమ్మను “మీ సీటీఆర్‌ఐ నంబరు ఎంతమ్మా?” అని అడగండి. సంతోషంగా చెబుతుంది. అడిగే పేషెంట్ దొరికితే మాకు అదొక పండగ. తడబడిందంటే వాళ్ల గైడ్‌తో మాట్లాడతానని చెప్పండి.

కాగితం తెలుగులో ఉండాలి, మీకు ఒక కాపీ ఇవ్వాలి. స్టడీ కోసం చేసే అదనపు పరీక్షల బిల్లు మీ మీద పడకూడదు. స్టడీ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలని, పరిహారం కూడా ఇవ్వాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ మాట కాగితంలో ఉందో లేదో వేలు పెట్టి చూడండి. మధ్యలో, ఆపరేషన్ రోజు పొద్దున కూడా, వద్దనుకుంటే వద్దనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు.

వద్దంటే కోపం వస్తుందా? నా దగ్గర చదివిన పీజీలకు చాలామంది వద్దని చెప్పారు. పిల్లలు కాసేపు ముఖం ముడుచుకుని తర్వాతి పేషెంట్ దగ్గరికి పోయేవాళ్లు. వద్దన్నందుకు ఆపరేషన్ తేదీ జరిపినా, మాట తీరు మారినా ఎథిక్స్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు, ఫోన్ నంబరు కాగితం మీదే ఉండాలి. నిజం చెప్పాలంటే స్టడీలో ఉన్న పేషెంట్‌ను కాస్త ఎక్కువగానే చూస్తారు. ప్రతి కొన్ని గంటలకూ ఎవరో ఒకరు వచ్చి “నొప్పి పదిలో ఎంత?” అని అడుగుతూనే ఉంటారు. అది చేరడానికి కారణం కావాలని నేననను, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇప్పుడు అసలు మాట. మీ ఉత్తరంలో మీరేమనుకుంటున్నారో ఉంది, అక్క ఏమందో ఉంది, డాక్టరమ్మ ఏం చెప్పిందో ఉంది. అమ్మ ఏమన్నదో ఎక్కడా లేదు. మోకాలు ఆమెది. ఆమెకు మతి స్థిమితంగా ఉంది కదా? అలాంటప్పుడు సంతకం మీది కాదు, అక్కది కాదు, ఆమెదే. చదువు రాకపోతే స్టడీతో సంబంధం లేని, చదువొచ్చిన ఒక సాక్షి ముందు కాగితమంతా చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. అందులో రాసిన మాటలు ఆమెకు అర్థమయ్యాయో లేదో తెలియాలంటే, చదివాక “ఏం జేస్తరటనే?” అని అడిగి, ఆమె మాటల్లోనే చెప్పించండి. “తొడకో మోకాలికో సూదేస్తరట, ఏదో ఒకటి, నాకిష్టం లేకుంటే ఆపొచ్చట” అన్నదంటే మీ నాలుగు పేజీలూ అర్థమైనట్టే.

ఇంకో సంగతి, అక్కతో గొడవ పడేముందు వినండి. రోజూ నిద్రమందులు, నొప్పి మందులు ఒంట్లోకి పోయేవాళ్లను ఇలాంటి నొప్పి స్టడీల్లో తరచూ చేర్చుకోరు, లెక్క తప్పుతుందని. కల్లు సంగతి చెప్పగానే డాక్టరమ్మే “అయితే ఈ స్టడీకి కుదరదమ్మా” అనొచ్చు. అప్పుడు అక్క గెలిచినట్టూ కాదు, మీరు ఓడినట్టూ కాదు. దాచిపెట్టి చేర్పిస్తే మాత్రం అమ్మకూ నష్టం, ఆ ఫలితం నమ్మి రేపు వైద్యం చేయించుకునేవాళ్లకూ నష్టం.

ఆపరేషన్ రోజు గురించి రెండు మాటలు చెప్పి ఆపేస్తాను. థియేటర్లో పేరేంటి, ఏ మోకాలు అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు, విసుక్కోవద్దని అమ్మకు చెప్పండి. 2009లో ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో, మన ఢిల్లీ కూడా అందులో ఉంది, ఇలాంటి చెక్‌లిస్టు పెట్టాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని తేలింది. పైసా ఖర్చు లేని పని. రెండోది చాయ్. ఖాళీ కడుపుతో రమ్మంటే మనవాళ్లు అన్నం మానేస్తారు గానీ పొద్దున చాయ్ మానరు. “చాయే కదా” అంటారు. పాలు పోసిన చాయ్ పాల లెక్కే, ఆరు గంటల ముందే ఆపాలి. ఉత్త నీళ్లు మామూలుగా రెండు గంటల ముందు వరకు తాగొచ్చు, మీ డాక్టర్ వేరేగా చెబితే అదే పాటించండి. కడుపులో ఉన్నది మత్తులో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎంత నేర్పరి డాక్టర్‌కైనా కష్టమే.

సోమవారం అమ్మను తీసుకుని మళ్లీ చెకప్‌కు పొండి. గోలీల కవర్ ఆమె చేతికే ఇవ్వండి. లోపలికి వెళ్లగానే “మా అమ్మతో ఒక్కదానితోనే మాట్లాడండి మేడమ్” అని చెప్పి మీరు బయటికి వచ్చి బల్ల మీద కూర్చోండి. పదిహేను నిమిషాలు పడుతుంది, ఇరవై కూడా పట్టొచ్చు. తలుపు దగ్గరికి పోయి వినకండి. ఆమె బయటికి వచ్చాక అక్కకు ఫోన్ కలిపి ఆమె చేతికే ఇవ్వండి.